ఫినెస్ బాస్ వేటకు గాలాలు: మూడు సీజన్లు వాడి చూశాక

మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం, డాలస్‌కు వాయవ్యాన ఉన్న గ్రేప్‌వైన్ లేక్ ఒడ్డున రాళ్ల మీద నిలబడి, మూడు గంటల్లో ఐదు బాస్ చేపలను తగిలించి అందులో నాలుగింటిని పోగొట్టుకున్నాను. ముందురోజు ఉత్తరం నుంచి చలిగాలి దిగడంతో నీళ్లు చల్లబడి, చేపలు ఎరను మింగకుండా పెదవుల కొసతో పట్టుకుని వదిలేస్తున్న రోజది. నా రాడ్ పలచనిది, లైన్ 6 పౌండ్ల బలాన్ని ఆపేది, ఎర 4 అంగుళాల సన్నని ప్లాస్టిక్ పురుగు. అన్నీ ఆ రోజుకు తగిన సరంజామాయే. గాలం ఒక్కటే పాత పెట్టెలో మిగిలిపోయిన 3/0 సైజుది, మందపాటి తీగది, దట్టమైన పొదల్లో బలమైన అల్లిక లైన్‌తో పెద్ద ఎరలు వేయడానికి ఉద్దేశించినది. నాలుగో చేప ఒడ్డుకు రెండు గజాల దాకా వచ్చి, ఒక్కసారి తల విదిలించి వెళ్లిపోయింది. గాలాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే ప్లాస్టిక్ పురుగు తుంపు ఇంకా మొనకే గుచ్చుకుని ఉంది. అంటే మొన ప్లాస్టిక్‌ను దాటింది గానీ, బార్బ్, అంటే మొన వెనక ఉండే ఎదురుముల్లు, మునిగేంత లోతుగా చేప దవడలోకి దిగలేదన్నమాట.

ఆ వారం నుంచి నేను కొన్న గాలాల గురించీ, వాటిలో ఏవి పెట్టెలో నిలిచాయో, ఎందుకు నిలిచాయో అన్నదాని గురించీ ఈ సమీక్ష. బాస్ వేటలో ఫినెస్ అంటే సన్నని లైన్, తేలికైన బరువు, చిన్న మెత్తని ప్లాస్టిక్ ఎర పెట్టుకుని, నెమ్మదిగా, చేపను తొందరపెట్టకుండా చేసే వేట. డ్రాప్ షాట్, వ్యాకీ, నెకో, నెడ్ అని దీనిలో కట్లు, అంటే లైన్‌కు గాలాన్నీ ఎరనూ బరువునూ అమర్చే తీరులు, చాలా ఉన్నాయి. వీటన్నిటికీ ఉమ్మడిగా ఉండే ఇబ్బంది ఏమిటంటే, గాలాన్ని దవడలోకి దించడానికి మన దగ్గర ఉండే బలం చాలా తక్కువ. పలచని రాడ్ సగం బలాన్ని వంగడంలోనే మింగేస్తుంది, లైన్ సాగి మరికొంత తింటుంది, మిగిలిన కాస్త బలంతోనే మొన లోపలికి దిగాలి. కాబట్టి గాలం ఎంపికలో నేను మొదట చూసేది తీగ మందం, ఆ తరువాత గ్యాప్, అంటే మొనకూ కాడకూ మధ్య ఉండే ఖాళీ. ప్యాకెట్ మీది సైజు అంకె చూసేది వీటి తరువాతే.

సైజుల లెక్క కొత్తవారిని తికమక పెడుతుంది. 8, 6, 4, 2, 1 అంటూ అంకె తగ్గేకొద్దీ గాలం పెద్దదవుతుంది. 1 దాటిన తరువాత 1/0, 2/0, 3/0 అంటూ అంకె పెరిగేకొద్దీ పెద్దదవుతుంది. 1/0ను ఇక్కడివాళ్లు ‘వన్ ఆట్’ అని పలుకుతారు. దీనికి తోడు ఈ అంకెలు అన్ని కంపెనీలకూ ఒకటి కావు. చొక్కా సైజుల్లాగే ఒకరి 1 ఇంకొకరి 2కు దగ్గరగా ఉండవచ్చు, గ్యాప్ మాత్రం ఇంకో రకంగా ఉండవచ్చు. అందుకే దుకాణానికి వెళ్లేటప్పుడు నేను వాడే పురుగునొకదాన్ని చిన్న జిప్ కవర్‌లో వేసుకుని పోయి, ప్యాకెట్ పైనుంచే గాలం పక్కన పెట్టి చూస్తాను. పురుగు మందం గ్యాప్‌లో సగాన్ని మించి ఆక్రమిస్తే ఆ గాలం నాకు వద్దు, ఎందుకంటే చేప కరిచినప్పుడు ప్లాస్టిక్ నలిగి పక్కకు తప్పుకోవడానికి చోటు మిగలాలి.

గాలాల కంపెనీల్లో నాకు బాగా అలవాటైన రెండూ, గమకాట్సు, ఓనర్, జపాన్‌లో హ్యోగో ప్రాంతంలోని నిషివాకి అనే ఒకే ఊరివి. ఆ ఊరు బాన్షూ-ఓరి అనే నూలు నేతకు కూడా పేరున్నదే. మన పోచంపల్లిలో లాగే అక్కడా నేతకు ముందే నూలుకు రంగు అద్దుతారు. మగ్గానికీ గాలానికీ పేరు తెచ్చుకున్న ఊరు అది ఒక్కటేనేమో అనిపిస్తుంది నాకు. ఫ్రాన్స్‌కు చెందిన వీఎంసీ, నార్వేకు చెందిన ముస్టాడ్, కొలరాడోలోని డెన్వర్‌కు చెందిన ఈగిల్ క్లా కూడా ఇక్కడి దుకాణాల గోడల మీద వేలాడుతూనే ఉంటాయి. ముస్టాడ్ 1832లో మొదలైన సంస్థ.

తీగ మందం ఎంత తేడా తెస్తుందో చూడాలని ఇంట్లో ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఇండియా ప్రయాణాలకు సూట్‌కేసులు తూచే చేతి త్రాసు తెలుగువాళ్ల ఇళ్లలో లేకుండా ఉండదు. 23 కిలోల హద్దు దాటకుండా ఆవకాయ సీసాలను అటూ ఇటూ సర్దడానికి కొన్న ఆ త్రాసునే తీసుకున్నాను. పాత హవాయి చెప్పును బల్లకు బిగించి, గాలం మొనను రబ్బరుకు ఆనించి, గాలం కన్నుకు, అంటే పైకొసన ఉండే రంధ్రానికి, కట్టిన లైన్‌ను త్రాసుతో మెల్లగా లాగి, బార్బ్ రబ్బరులో మునిగే క్షణానికి అంకె ఎంత ఉందో రాసుకున్నాను. రబ్బరు చేప దవడ కాదు, ఆ త్రాసు ప్రయోగశాల పరికరమూ కాదు. అయినా పలచని తీగ గాలాలు దిగిన బరువుకు ఆ 3/0 మందపు గాలం దాదాపు రెట్టింపు అడిగింది, నాలుగైదు సార్లు చేసినా తేడా అలాగే ఉంది. సన్న లైన్ మీద ఆ రెట్టింపును నేను ఇవ్వలేకపోయానన్నది అప్పటికి అర్థమైంది.

ఇక గాలాల దగ్గరికి వస్తే, మూడు సీజన్లలో నేను అన్నిటికన్నా ఎక్కువగా వాడినది ఓనర్ వారి మస్కీటో హుక్, సైజు 1. పేరుకు తగ్గట్టు దోమ ముక్కులాంటిదే: తీగ పలచన, కాడ పొట్టి, రంగు నలుపు. దీన్ని డ్రాప్ షాట్ కట్టులో వాడతాను. ఈ కట్టులో బరువు లైన్ చివర ఉంటుంది, గాలం దానికి 12 నుంచి 18 అంగుళాల పైన ఉంటుంది, కాబట్టి బరువు అడుగున ఆగి ఉండగా ఎర నీటి మధ్యలో చేప కళ్ల ముందు ఊగుతుంది. పాలమర్ ముడి వేసి, కత్తిరించకుండా వదిలిన కొసను మొన వైపు నుంచి మళ్లీ కన్నులోకి దూర్చి కిందికి లాగితే, గాలం లైన్‌కు అడ్డంగా, మొన పైకి ఉండేలా నిలుస్తుంది. మొదట్లో ఈ చివరి దూర్పు మర్చిపోయి, గాలం లైన్ వెంట వాలిపోయి వేలాడుతుంటే చేపలు ఎందుకు తగలడం లేదా అని చాలా గంటలు వృథా చేసుకున్నాను.

మస్కీటో మీద పురుగును గుచ్చే తీరు తేలిక. తల కొసన, అంచు నుంచి అన్నం మెతుకంత లోపలికి, కింది నుంచి పైకి గుచ్చి వదిలేస్తే చాలు. మిగతా పురుగంతా స్వేచ్ఛగా ఆడుతుంది. మొన బయటే ఉంటుంది కాబట్టి దానికి ప్లాస్టిక్ అడ్డు ఉండదు. రీల్‌ను రెండు మూడు చుట్లు తిప్పి రాడ్‌ను పక్కకు నెమ్మదిగా లాగితే, గాలం చాలా సార్లు పై పెదవి మధ్యలోనో నోటి మూలలోనో దిగుతుంది. ఇది నాకు ముఖ్యం, ఎందుకంటే టెక్సస్‌లో సాధారణ నియమం ప్రకారం 14 అంగుళాల కన్నా పొట్టి లార్జ్‌మౌత్ రకం బాస్‌ను నీళ్లలోకి వదిలేయాలి, నాకు పడేవాటిలో ఎక్కువ అలాంటివే. పెదవికి తగిలిన చేప నుంచి గాలం తీయడం రెండు క్షణాల పని, గొంతులో దిగినదాన్ని తీయడం చేపకూ మనకూ నరకం. ఈ గాలానికి హద్దు ఏమిటంటే, మొన బయట ఉండడం వల్ల గడ్డిలోనూ కొమ్మల్లోనూ ఇది పనికిరాదు; పలచని తీగ కాబట్టి 8 పౌండ్లకు మించిన లైన్‌తో, బిగించిన డ్రాగ్‌తో (చేప లాగినప్పుడు రీల్ లైన్‌ను వదిలే బిగువుతో) దీన్ని వాడడం కూడా తగదు. ఇది తయారీలో లోపమేమీ కాదు, పలచదనానికి మనం చెల్లించే మూల్యం.

పొదలు, మునిగిన కొమ్మలు ఉన్న చోట నేను రోబోవార్మ్ వారి రీబార్బ్ గాలానికి మారతాను, సైజు 1/0. దీని కాడ పొడవుగా, నిటారుగా ఉంటుంది, కన్నుకు కాస్త కింద కాడకు అతికించిన చిన్న తీగ ముల్లు ఒకటి ఉంటుంది. పురుగు తలను దానిపైకి ఎక్కిస్తే అది జారదు. టెక్సస్ రిగ్ పద్ధతిలో మొనను తిరిగి పురుగు ఒంట్లోకి, చర్మం కింద సన్నగా దాచేయవచ్చు. ప్లాస్టిక్ పురుగులతో ఎక్కువ ఖర్చయ్యేది గాలం కాదు, పురుగే. తల చిరిగి కిందికి జారిన పురుగు వంకరగా తిరుగుతూ వస్తుంది, దాన్ని చేప పట్టదు, మనం కొత్తది తీసి గుచ్చాలి. ఈ చిన్న ముల్లు పుణ్యమా అని ఒక పురుగుతో నేను మూడు నాలుగు చేపల దాకా లాగించగలుగుతున్నాను. పురుగును దీనిపైకి ఎక్కించేటప్పుడు తలకు నేరుగా, సరిగ్గా మధ్యలోంచి ఎక్కించాలి. రవ్వంత పక్కకు పోయినా ఆ ముల్లు ప్లాస్టిక్‌ను లోపలి నుంచి చీల్చేస్తుంది. ఒకసారి ఎక్కించి మళ్లీ వెనక్కి లాగి సరిచేద్దామనుకుంటే ఆ పురుగు ఇక చెత్తబుట్టకే.

వ్యాకీ కట్టు విషయంలో గాలం కన్నా రబ్బరు రింగు గురించి ఎక్కువ మాట్లాడాలి. గ్యారీ యమమోటో వారి 5 అంగుళాల సెంకో లాంటి లావు పురుగును నడుముకు గుచ్చి నీళ్లలో వేస్తే, రెండు కొసలూ వణుకుతూ నెమ్మదిగా దిగుతుంది. దానిలో ఉప్పు ఎక్కువ, అందుకే బరువు, అందుకే మెత్తన, అందుకే ఒక్క చేపకే నడుము తెగి చేతికి రెండు ముక్కలుగా వస్తుంది. నడుముకు రబ్బరు రింగు తొడిగి, గాలాన్ని పురుగులోకి కాకుండా రింగు కిందికి దూర్చితే పురుగు ఎక్కువ కాలం బతుకుతుంది. దీనికి గ్యాప్ వెడల్పుగా ఉన్న గాలం కావాలి, ఎందుకంటే సెంకో చిటికెన వేలంత లావు. సైజు 1 మస్కీటోను దీనితో వాడబోయి, మొనకూ ప్లాస్టిక్‌కూ మధ్య వెంట్రుకంత సందు కూడా లేదని చూసి, 1/0కు మారాను. గడ్డి అంచుల్లో వేసేటప్పుడు మొనకు ముందు సన్నని తీగ కాపలా ఉన్న రకాన్ని వాడతాను. ఆ కాపలా తీగను ప్యాకెట్‌లోంచి తీసిన వెంటనే వేలితో రెండు మూడు సార్లు కిందికి నొక్కి మెత్తబరచడం నాకు అలవాటు; పలచని రాడ్‌తో లాగేవాడికి ఆ తీగ బిరుసు కూడా అడ్డే.

నెకో కట్టుకు వీఎంసీ వారి నెకో హుక్‌ను ఎంచుకున్నాను. నెకో అంటే జపనీస్‌లో పిల్లి కాబట్టి ఆ పేరు పిల్లి వల్ల వచ్చిందని చాలామంది అనుకుంటారు గానీ, వేళ్లతో సహా పెకలించడం అనే అర్థమున్న ‘నెకోసోగి’ అనే మాటకు అది కురచ రూపం. పురుగు ఒక కొసలో మేకులాంటి చిన్న బరువును దూర్చి, గాలాన్ని ఒంటికి సమాంతరంగా పెడతారు. బరువున్న కొస అడుగును తాకి, తోక పైకి లేచి, తలతో నేలను పొడుచుకుంటున్న ప్రాణిలా కనిపిస్తుంది. ఈ గాలంలో నాకు నచ్చిన అంశం దాని కన్ను. మామూలు గాలం కన్నును తీగ చుట్టి చేస్తారు కాబట్టి, చుట్టు ముగిసే చోట సన్నని సందు మిగులుతుంది. 6 పౌండ్ల లైన్ ముడి బిగిసేటప్పుడు ఆ సందులోకి జారిందంటే అంచుకు కోసుకుని, పెద్ద చేప లాగినప్పుడు ఠప్పున తెగుతుంది. ఇందులో ఆ సందును రెసిన్‌తో మూసేశారు. లావు లైన్ వాడేవారికి ఈ వివరం చాదస్తంగా అనిపించవచ్చు, సన్న లైన్ వాడేవాడికి మాత్రం ఇది గ్యాప్ అంత ముఖ్యం. ఇతర గాలాలకు నేను ముడి వేసే ముందే ఆ సందు ఏ వైపు ఉందో చూసుకుని, ముడిని దానికి దూరంగా నిలిచేలా బిగిస్తాను.

నెడ్ కట్టు గురించి చెప్పుకోవలసింది తక్కువ. కేన్సస్‌కు చెందిన నెడ్ కేడీ పేరు మీద ఆ పేరు వచ్చింది. పుట్టగొడుగు ఆకారపు చిన్న సీసపు తలకే గాలం పోతపోసి ఉంటుంది కాబట్టి గాలాన్ని విడిగా ఎంచుకునే అవసరం రాదు. 1/16 నుంచి 1/10 ఔన్సుల మధ్య బరువు, పలచని తీగ ఉందో లేదో చూసుకుంటే చాలు. దీనికి జీ-మ్యాన్ వారి ఎలాజ్‌టెక్ పురుగులు బాగా కుదురుతాయి, ఎందుకంటే అవి నీటిలో తేలి తోకను పైకి నిలబెడతాయి, చింపినా చిరగవు. చిరగనంత గట్టివి కాబట్టి గాలం మీదికి ఎక్కించడానికి వేళ్లు నొప్పి పుడతాయి. వాటిని మామూలు ప్లాస్టిక్ పురుగులతో ఒకే డబ్బాలో ఉంచితే రెండూ కరిగి అంటుకుపోతాయి. ఆగస్టులో కారు డిక్కీలో వదిలేసిన నా డబ్బా ఒకటి రంగురంగుల హల్వాగా మారింది.

చవక గాలాల జోలికి పోకుండా ఉండలేదు నేను. రెండో ఏడాది ఆన్‌లైన్‌లో, పేరు చెప్పదలచుకోని ఒక అమ్మకందారు దగ్గర, వంద గాలాల డబ్బాను పేరున్న గాలాల రెండు ప్యాకెట్ల ధరకు కొన్నాను. చూడడానికి అచ్చం పేరున్నవాటిలాగే ఉన్నాయి. మొనను బొటనవేలి గోరు మీద ఏటవాలుగా ఆనించి లాగితే మంచి గాలం గోటిలో పట్టుకుని ఆగిపోవాలి. వీటిలో సగం గోటి మీద తెల్లని గీత గీస్తూ జారిపోయాయి. సానరాయి మీద రెండు మూడు పోట్లు వేసి పదును పెట్టుకోవచ్చులే అనుకున్నాను. అసలు సమస్య తీగది. రెండున్నర పౌండ్ల చేప ఒకటి పడవల రేవు పక్కన తగిలి, ఒక్క లాగుకే గాలం వంపు విచ్చుకుని, ఇంచుమించు కొడవలిలా తెరుచుకుని తిరిగి వచ్చింది. పలచని తీగ చేయడం ఎవరి వల్లనైనా అవుతుంది. పలచగా ఉండి కూడా వంగనంత గట్టిగా కాల్చి చల్లార్చడంలోనే ధర దాగి ఉంది. గమకాట్సు వారి జీ-ఫినెస్ శ్రేణికి ఆరు గాలాలకే ఎక్కువ ధర పెట్టడానికి కారణం ఆ తీగ, దాని మీది నునుపైన పూత. నా లెక్కలో మస్కీటో కన్నా అది ఇంకాస్త తేలికగా దిగుతుంది, కానీ రాళ్ల మధ్య రోజుకు నాలుగైదు గాలాలు పోగొట్టుకునే నాలాంటివాడు ఆ ధర భరించడం కష్టం. పడవ మీద లోతు నీళ్లలో వేసేవారికి మాత్రం దాన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

గాలం ఎంత మంచిదైనా చెయ్యి పాడు చేయగలదు. మా ఊళ్లో, గోదావరి కాలువ గట్టు మీద, వెదురు కర్రకు గాలం కట్టి వానపామును ఎర వేసినప్పుడు బెండు మునిగిన వెంటనే భుజం మీదుగా చేప వెనక్కి ఎగిరి పడేలా లాగేవాళ్లం. ఆ అలవాటు నా చేతిలోంచి పోవడానికి చాలా కాలం పట్టింది. మస్కీటో లాంటి గాలానికి ఆ ఊపు పనికిరాదు. పెదవిని చీల్చుకుని బయటికి వస్తుంది, లేదా ముడి దగ్గర లైన్ తెగుతుంది. లైన్ బరువెక్కినట్టు తెలియగానే సందు లేకుండా చుట్టి, రాడ్ వంగేదాకా ఒకే ఒత్తిడితో పక్కకు లాగి, అలాగే పట్టుకోవాలి. కొరమీనును కప్ప ఎరతో పట్టినవారికి ఆగడం అనేది కొత్త పాఠమేమీ కాదు, అక్కడ కూడా మింగేదాకా ఆగాల్సిందే; తేడా ఏమిటంటే ఇక్కడ మింగనివ్వకూడదు.

పదేళ్ల మా అమ్మాయి వచ్చినప్పుడు పేటలోని చిన్న చెరువుకే వెళ్తాం, అప్పుడు గాలాల బార్బ్‌ను పట్టకారుతో అదిమి చదును చేస్తాను. చేపలు ఒకటీ అరా జారిపోయినా, చొక్కా చేతికో వేలికో గుచ్చుకున్న గాలం వెంటనే బయటికి వస్తుంది. మస్కీటో బార్బ్ చిన్నది కాబట్టి ఒక్క నొక్కుకే అణుగుతుంది. మందపు గాలాల బార్బ్‌ను అదమబోతే మొనే విరిగిన సందర్భం ఉంది.

వాడిన గాలాలను కొత్తవాటితో కలపకుండా చిన్న సొంఠి డబ్బాలో విడిగా వేసి, ఇంటికి రాగానే మూత తీసి ఆరబెడతాను. ఒక్క తడి గాలం రాత్రంతా మూసి ఉంటే తెల్లవారేసరికి పక్కనున్న పదింటికీ తుప్పు అంటుతుంది. ప్రస్తుతం నా పెట్టెలో సైజు 1, 1/0 మస్కీటోలు, 1/0 రీబార్బ్‌లు, నెకో హుక్‌లు, నాలుగైదు నెడ్ తలలు ఉన్నాయి. అవతల పారేద్దామనుకున్న ఆ 3/0 గాలాలు కూడా ఉన్నాయి, మే నెలలో లూయిస్‌విల్ లేక్‌లో నీట మునిగిన పొదల మధ్య అల్లిక లైన్‌తో వేసేటప్పుడు వాటికి సాటి లేదు. వాటి డబ్బా మూత మీద మాత్రం, మళ్లీ చలి ఉదయాన తొందరలో చెయ్యి అటు పోకుండా, ‘సన్న లైన్‌కు వద్దు’ అని నల్ల మార్కర్‌తో తెలుగులో రాసి పెట్టుకున్నాను.